ఓడ విప్పి చేసిన బల్ల

పాత బల్లలు, కుర్చీలు బాగుచేసి బతికేవాణ్ణి. పాత సామాను బేరగాళ్ళు పని అప్పజెప్పేటప్పుడు పెట్టే మొదటి షరతు నాకు కంఠతా వచ్చు: కొత్త చెక్క వెయ్యకు, పాత మచ్చ చెరపకు, ముట్టుకుంటే ధర పడిపోతుంది. ఈ మాట విన్నప్పుడల్లా నాకు వైట్‌హౌస్‌లోని రెజల్యూట్ బల్ల గుర్తొస్తుంది. విక్టోరియా రాణి కాలపు ఓక్ బల్లే అదీను. దాన్ని ముట్టుకోకుండా ఎవరూ ఊరుకోలేదు.

ముందు అది ఓడ. 1845లో 129 మందితో ఆర్కిటిక్‌కి బయల్దేరి మాయమైన సర్ జాన్ ఫ్రాంక్లిన్ కోసం బ్రిటిష్ నౌకాదళం వెదుకులాటకు పంపిన ఓడల్లో రెజల్యూట్ ఒకటి. అదీ మంచులో ఇరుక్కుంది. పైఅధికారి బెల్చర్ ఆజ్ఞ మీద 1854 మేలో సిబ్బంది దాన్ని అక్కడే వదిలేశారు. మంచు పట్టు సడలాక, మనిషన్నవాడు లేకుండానే సుమారు 1,200 మైళ్ళు కొట్టుకొచ్చి, 1855 సెప్టెంబరులో బాఫిన్ దీవి వైపు జేమ్స్ బడింగ్టన్ అనే అమెరికన్ కెప్టెన్ కంటపడింది. ఆయనది తిమింగలాల వేట. అమెరికా కాంగ్రెస్ 40,000 డాలర్లకు ఓడను కొని, బాగుచేయించి, 1856లో రాణికి కానుకగా పంపింది. అప్పట్లో రెండు దేశాలకూ పొరపొచ్చాలున్నాయి మరి.

1879లో ఓడ కొలువు ముగిసింది. విప్పిన దూలాలతో చాతమ్ నౌకా కేంద్రంలోని వడ్రంగి విలియం ఎవెండెన్ ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్ల చేశాడు. 1880 నవంబరులో రాణి బదులు కానుకగా అది అమెరికా అధ్యక్షుడు హేస్‌కి చేరింది.

నా ధ్యాసంతా ఎవెండెన్ మీదే. పచ్చి ఓక్ ఉలికి లొంగుతుంది. ఏళ్ళ తరబడి ఆరినది ఉలి అంచునే తినేస్తుంది. పైగా మేకుల బెడద. ఓక్‌లో టానిన్ జాస్తి, ఇనుమూ తడీ కలిస్తే చుట్టూ నల్లటి మచ్చ లోపలికి దిగుతుంది. శ్రీకాళహస్తి కలంకారీవాళ్ళు కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము నానిన నీళ్ళతో నలుపు తెచ్చేదీ ఈ గుణంతోనే. బట్ట మీద అది అందం, చెక్క మీద తలనొప్పి. ఎంత చిత్రిక పట్టినా వదలదు. మచ్చ లేని చోటు చూసి కోసుకోవాల్సిందే.

ఇక మార్పులు. తన కాళ్ళకున్న ఇనుప పట్టీలు ఎదుటివాళ్ళకి కనపడకూడదని, మోకాళ్ళ ఖాళీకి అడ్డంగా తలుపు పెట్టించమన్నాడు అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. అధ్యక్ష చిహ్నం చెక్కిన ఆ తలుపు 1945లో అమర్చేసరికి ఆయనే లేడు. 1963 నాటి ఫొటోలో కెనెడీ చిన్నకొడుకు తొంగిచూస్తున్నది అందులోంచే. జనానికి బాగా గుర్తున్న ఆ బల్ల ముఖం ఎవెండెన్ చేసింది కాదన్నమాట! 1986లో, రేగన్ హయాంలో, అడుగున రెండంగుళాల పీఠం వేశారు. బేరగాళ్ళ లెక్కన ఇది చెడిపోయిన సరుకు. నన్నడిగితే, రోజూ వాడే బల్లను వాడేవాడికి సరిపోయేట్టు చెయ్యడమే మర్యాద.

అదే ఓడ చెక్కతో చేసిన చిన్న బల్ల ఇంకొకటుంది. ఫ్రాంక్లిన్‌ని వెదకడానికి సొంత డబ్బు పెట్టిన న్యూయార్క్ వర్తకుడు హెన్రీ గ్రిన్నెల్ భార్యకు పంపారు దాన్ని. ఇప్పుడు న్యూ బెడ్‌ఫోర్డ్‌లో, తిమింగలాల వేట మ్యూజియంలో ఉంది. ఆ ఊరు వెళ్తే నేను వంగి చూసేది దాని అడుగుభాగమే. మేకు మచ్చలంటూ మిగిలితే పాలిష్ తగలని అక్కడే మిగలాలి.