త్రసరేణువు మొదలు తూనిక వఱకు

గవాక్షమున దూరిన ఎండలో నాడు నలుసును మన స్మృతికారులు త్రసరేణు వనిరి. మనువు తూనికలకెల్ల దానినే మొదలుగా నుంచెను. ఎనిమిది త్రసరేణువు లొక లిక్ష. మూడు లిక్ష లొక నల్లావగింజ. నేను బడిలో నీ సంగతి చెప్పునపుడు బాలురు తలుపుసందున నలుసులు లెక్కింపబోయెడివారు! అయినను ఆ కొలత వెండిబంగారములకు బుట్టినదే గాని గాలికి గాదు.

గాలిలోని నలుసులను లెక్కించు యంత్రమును 1880 దశకమున స్కాట్లండు వాసి జాన్ ఐట్కెన్ నిర్మించెను. ధూళికణమును బట్టుకొనియే నీటియావిరి పొగమంచగునని యాతడు చూపెను. కావున ధూళి మేఘమునకు విత్తనము కూడ.

నేటి పద్ధతి అంగడి తూనికను బోలినది. గాజునూలు కాగితమును ముందు తూచి, దానిగుండ దినమెల్ల గాలిని లాగి, మరల తూతురు. హెచ్చిన బరువే ధూళి. 2009లో మన దేశమున విధించిన మితి యిది: ఘనమీటరు గాలిలో సంవత్సరపు సగటున, పది మైక్రానులలోపు ధూళి 60 మైక్రోగ్రాములు, రెండున్నర మైక్రానులలోపుది 40. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. పెద్ద నలుసును ముక్కే పట్టుకొనును. సన్ననిది ఊపిరితిత్తుల కొసలదాక బోయి, ఉబ్బసమునే గాక గుండెజబ్బును దెచ్చును. చూచు నలుసుకంటె చూడలేని నలుసే క్రూరము.

2019లో వెలువడిన జాతీయ శుద్ధవాయు ప్రణాళికలో, మితి దాటిన నగరముల నడుమ మన నల్లగొండ పేరును గలదు. హైదరాబాదు చేరుట వింత గాదు. నల్లగొండ చేరుటయే నన్ను కలచినది. అయితే అట్టి యంత్రములు మిక్కిలిగా పట్టణములందే యుండును. పాలమూరు పల్లెలో కట్టెలపొయ్యికడ కోడలు పీల్చు పొగ వాని లెక్కకు రాదు. అందున్నదియు నా సన్ననలుసే. అందుచేత నే నే యింటికి బోయినను, వంటయింటి పొగకు దారి యున్నదా యని మొదట నడుగుచుందును.