చెయ్యి గుండెమీద పెట్టాలా, వద్దా?

కిందటి నెల మా ఊరి సిటీ కౌన్సిల్ మీటింగుకి వెళ్ళాను, మా వీధి మలుపులో స్టాప్ సైన్ పెట్టించమని అడగడానికి. ఇండియా నుంచి వచ్చిన మా నాన్నగారు కూడా చూస్తానని బయల్దేరారు. మీటింగు మొదలవగానే అందరూ లేచి, జెండా వైపు తిరిగి, గుండెమీద చెయ్యి పెట్టుకుని ప్లెడ్జ్ ఆఫ్ అలీజియన్స్ చెప్పారు. నేనూ లేచాను. నాది ఇంకా ఇండియా పాస్‌పోర్టే, ఇక్కడ ఉన్నది గ్రీన్ కార్డు మీద. నోరు మెదపకపోతే స్టాప్ సైన్ గోవిందా అనిపించి పెదవులు కదిపాను. నాన్నగారు మాత్రం చేతులు కిందికి చాచి, బళ్ళో జనగణమనకి నిలబడ్డట్టు నిలబడ్డారు. కారెక్కాక అడిగారు, "చెప్పకపోతే ఏమన్నా అంటార్రా?" అని.

చట్టం ఏమీ అనదు. కానీ ఆ మాట అనిపించుకోవడానికి ఈ దేశంలో పిల్లలు చాలా కష్టపడ్డారు.

1935లో పెన్సిల్వేనియాలోని మైనర్స్‌విల్ అనే ఊళ్ళో పన్నెండేళ్ళ అక్క, పదేళ్ళ తమ్ముడు జెండాకి వందనం చెయ్యమన్నారు. వాళ్ళు యెహోవా సాక్షులు, దేవుడికి తప్ప దేనికీ మొక్కరు. బళ్ళోంచి పంపేశారు. 1940లో సుప్రీం కోర్టులో ఎనిమిది మంది జడ్జీలు బడి పక్కన, ఒక్కరు పిల్లల పక్కన నిలిచారు. ఆ తీర్పు తర్వాత యెహోవా సాక్షుల మీద ఊరూరా దాడులు జరిగాయి. మెయిన్ రాష్ట్రంలోని కెన్నెబంక్‌లో వాళ్ళ మందిరాన్ని తగలబెట్టారు. (అప్పట్లో వందనమంటే చెయ్యి ముందుకు చాపడం. అది హిట్లర్ సెల్యూట్‌లా ఉందని 1942లో గుండెమీదకి మార్చారు.)

మూడేళ్ళకే, 1943 జూన్ 14న, సరిగ్గా జెండా దినం నాడు, బార్నెట్ కేసులో అదే కోర్టు 6-3తో తన తీర్పును తనే తిరగరాసింది. యుద్ధం నడుస్తున్న రోజులవి. పౌరుడి చేత నమ్మకాన్ని బలవంతంగా పలికించే అధికారం ప్రభుత్వానికి లేదంది. కౌన్సిల్ మీటింగుల్లో ప్లెడ్జ్ చెప్పుకోవచ్చు, కానీ అది స్వచ్ఛందమే అనడానికి ఆధారం ఇదే.

స్వచ్ఛందం అన్నంత మాత్రాన ఖర్చు ఉండదని కాదు. కొలరాడోలోని ఎస్టెస్ పార్క్‌లో ఒక టౌన్ ట్రస్టీ, ప్లెడ్జ్‌లో దేవుడి ప్రస్తావన ఉందని లేవలేదు. (ఆ ముక్క 1954లో చేర్చారు.) 2005లో ఓటర్లు ఆయన్ని రీకాల్ చేసి పదవి నుంచి దింపేశారు. కోర్టుకి వెళ్ళినా ఫలితం లేకపోయింది. చట్టం ఆయన్ని లేవమనలేదు, ఊరు అంది. అర్జీ పట్టుకుని వాళ్ళ ఎదుటే నిలబడ్డ నాబోటివాడికి స్వచ్ఛందం అనే మాట ఎంత పలచనో ఆ రోజే తెలిసింది.

ఇందులో మనవాళ్ళూ ఉన్నారు. మనం బళ్ళో చెప్పిన భారత ప్రతిజ్ఞని 1962లో తెలుగులో రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు. నల్గొండ జిల్లా వ్యక్తి, అప్పుడు విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసరు. 1965 జనవరి 26 నుంచి అది దేశమంతా చెప్పిస్తున్నారు. చాలాకాలం ఆయన పేరే ఎవరికీ తెలీదు.

1985లో కేరళలో, ముగ్గురు పిల్లలు జాతీయగీతానికి లేచి నిలబడ్డారు గానీ పాడలేదని బళ్ళోంచి తీసేశారు. వాళ్ళూ యెహోవా సాక్షులే. 1986 ఆగస్టులో మన సుప్రీం కోర్టు వాళ్ళని తిరిగి చేర్చుకోమంది. మర్యాదగా నిలబడితే చాలు, పాడకపోవడం అగౌరవం కాదంది. ఆ తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసినవారు.

ఇదంతా చెప్తే నాన్నగారు, "అయితే నేను నిలబడ్డది సరిగ్గానే ఉందన్నమాట" అన్నారు.

స్టాప్ సైన్ సంగతి ట్రాఫిక్ కమిటీకి పంపారు. వచ్చే నెల మళ్ళీ వెళ్ళాలి. ఈసారి లేచి నిలబడతాను, పెదవులు మాత్రం కదపను.