యెషయాను కోయించిన మనుమడు



హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయం మనందరికీ తెలిసిందే. విశ్వాసవీరుల పట్టిక అంటాం దాన్ని. హేబెలు, నోవహు, అబ్రాహాము, మోషే, రాహాబు అని పేర్లు వరుసగా వస్తాయి. 37వ వచనానికి వచ్చేసరికి పేర్లు ఉండవు, వాళ్ళు పడిన బాధలే ఉంటాయి. రాళ్ళ దెబ్బలతో చనిపోయిన జెకర్యా గురించి 2 దినవృత్తాంతములు 24లో చదువుతాం. మరి రంపంతో కోయబడినవాడు ఎవరు? ఆదికాండము నుండి మలాకీ వరకు వెతికినా అలా చనిపోయిన ప్రవక్త కనబడడు. అయినా పత్రిక రాసిన భక్తుడు, మీకు తెలిసిందే కదా అన్నట్టు ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో ఆ కథ అందరి నోటా ఉండి ఉండాలి. యూదుల పెద్దలు చెప్పుకున్న ఆ కథలో ప్రవక్త పేరు యెషయా. కోయించినవాడు యూదా రాజు మనష్షే.

ముందుగా ఒక మాట. మనకు ప్రమాణం 66 పుస్తకాలే. ఈ కథ వాటిలో లేదు గనుక ఇది ఇలాగే జరిగిందని పులిపీఠం మీద నుండి చెప్పకూడదు. అలాగని పుక్కిటి పురాణమని తోసేయనక్కర్లేదు. యూదులకు రాసి ఉన్న ధర్మశాస్త్రంతో పాటు నోటి మాటగా వచ్చిన బోధ కూడా ఉంది. అది సుమారు క్రీ.శ. 200లో మిష్నాగానూ, ఆ తరువాతి శతాబ్దాలలో యెరూషలేము తల్మూదు, బబులోను తల్మూదు అనే రెండు పెద్ద సంపుటాలుగానూ కూర్చబడింది. యూదా ఆచారం మనకు మరీ దూరం సంగతి కూడా కాదు. కృష్ణకు అవతల, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరున్న కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే పేరుతో తెలుగు కుటుంబాలు సమాజమందిరం కట్టుకొని శనివారపు విశ్రాంతిదినాన్ని ఆచరిస్తున్నాయి.

ఆ పాతకాలపు పెద్దలకు ఒక అలవాటు ఉండేది. లేఖనంలో చెప్పని చోటు కనబడితే ఆగి ప్రశ్న వేసేవారు. జవాబును కథగా చెప్పేవారు. వారి ప్రశ్న ఎక్కడ పుట్టిందో చూడండి. హిజ్కియాకు మరణకరమైన రోగం వచ్చింది. ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు 15 ఏళ్ళ ఆయుష్షు ఇచ్చాడు. అతడు చనిపోయినప్పుడు కొడుకు మనష్షే వయసు 12 ఏళ్ళు. లెక్క వేయండి. రోగం వచ్చిన నాటికి మనష్షే ఇంకా పుట్టలేదు. మంచి రాజు, దావీదు వంశం, అయినా సింహాసనానికి వారసుడు లేడు. ఎందుకు?

బబులోను తల్మూదు ఇలా చెబుతుంది. తనకు పుట్టబోయే కొడుకు దుర్మార్గుడవుతాడని హిజ్కియాకు ముందే తెలిసింది, అందుకే పెళ్ళి చేసుకోలేదు. యెషయా వచ్చి మందలించాడు. దేవుని రహస్యాలతో నీకేం పని, నీకు ఆజ్ఞాపించింది నువ్వు చెయ్యి అన్నాడు. అయితే నీ కుమార్తెనే నాకివ్వు, మనిద్దరి పుణ్యం వల్ల మంచి బిడ్డ పుట్టవచ్చు అన్నాడు రాజు. చివరికి పెళ్ళయింది, మనష్షే పుట్టాడు. బైబిలు మనష్షే తల్లి పేరు హెఫ్సిబా అని చెబుతుంది గాని ఆమె ఎవరి కూతురో చెప్పదు. ఆ చెప్పని చోటే కథ నిలబడింది. దాని ప్రకారం యెషయా మనష్షేకు తాత.

ఆ పసివాడు పెరిగి 55 ఏళ్ళు ఏలాడు. దేవుని మందిరంలోనే విగ్రహం నిలబెట్టాడు. యెరూషలేమును నిరపరాధుల రక్తంతో నింపాడని 2 రాజులు 21 చెబుతుంది. ఆ రక్తంలో యెషయాది కూడా ఉందని పెద్దల మాట. ఎలా చంపాడో చెప్పినవాడు 4వ శతాబ్దంలో బబులోనులో బోధించిన రావా అనే గురువు.

మనష్షే తాతను ఊరికే చంపలేదు. న్యాయవిచారణ పెట్టాడు. ఆయన మీద తెచ్చిన సాక్ష్యం లేఖనమే! నీ గురువైన మోషే, దేవుని చూచి ఎవడూ బ్రతకడన్నాడు, నువ్వేమో సింహాసనం మీద ప్రభువును చూశానంటున్నావు. మోషే, మనం మొరపెట్టినప్పుడెల్లా దేవుడు దగ్గరే ఉంటాడన్నాడు, నువ్వేమో ఆయన దొరికే కాలంలోనే వెదకమంటున్నావు. మోషే, మనుషుల దినాల లెక్క దేవుడు నిండిస్తాడన్నాడు, నువ్వేమో 15 ఏళ్ళు కలుపుతాడన్నావు. మూడు ప్రశ్నలు, మూడూ వాక్యంలోనివే. ఇథియోపియా సంఘం తన గీజు భాషలో కాపాడిన 'యెషయా ఆరోహణము' అనే ప్రాచీన గ్రంథంలోనూ, నేను దేవుని చూశానన్నాడనే నేరమే ప్రవక్త మీద మోపారు.

యెషయా దగ్గర జవాబు లేక కాదు. కానీ ఆయన నోరు తెరవలేదు. ఎందుకంటే, నేనేం చెప్పినా వీడు వినడు, చెప్పాక కూడా చంపితే తెలిసి చేసిన పాపమవుతుంది, వీడి దోషం ఇంకా పెరుగుతుంది అనుకున్నాడట. తన ప్రాణం పోతుంటే చంపేవాడి పాపం బరువెక్కకూడదని చూశాడు. వాదనలో గెలవడం కంటే మనుమడి ఆత్మ ఆయనకు ముఖ్యమైంది.

అప్పుడు ఆయన దేవుని నామం ఉచ్చరించాడు. ఒక దేవదారు చెట్టు తెరుచుకొని ఆయనను లోపల దాచుకుంది. చెట్టు మనిషిని దాచిందంటే మన దివిసీమ వారికి వింతగా ఉండదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో చెట్టును కావలించుకొని బ్రతికినవారి సాక్ష్యాలు మనం విన్నాం. కానీ మనష్షే ఆ చెట్టునే తెప్పించి కోయించాడు. కరెంటు కోతమిల్లులు రాకముందు దుంగను ఎత్తున పెట్టి, పైన ఒకరు కింద ఒకరు నిలబడి రంపం లాగడం మన పెద్దలు చూశారు. ఆ కోత ఎంత నిదానమో వారికి తెలుసు. రంపం నోటి దగ్గరకు వచ్చేసరికి యెషయా ప్రాణం విడిచాడు. నోటి దగ్గరే ఎందుకు? అపవిత్రమైన పెదవులు గల జనుల మధ్య ఉన్నానని ఆయన ఒకప్పుడు తన జనాన్ని గురించి అన్నాడు గనుక, అంటారు పెద్దలు. మందను గురించి తేలికగా మాట్లాడకూడదని కాపరులమైన మాకు ఇది గట్టి హెచ్చరిక.

కథ ఇక్కడితో అయిపోలేదు. మనష్షే నిజంగా ఉన్న రాజు. అష్షూరు రాజు ఏసర్హద్దోను శాసనంలో, నీనెవె రాజభవనానికి పెద్ద పెద్ద దేవదారు దూలాలు మోయించిన 22 మంది సామంతుల పట్టికలో యూదా రాజు మనష్షే పేరు చెక్కి ఉంది. దేవదారును కోయించినవాడని కథ చెప్పే రాజు, చరిత్రలో పరాయి రాజు కోసం అదే కలప మోయించాడు. తరువాత అష్షూరు సేనాధిపతులు అతన్ని సంకెళ్ళతో బబులోనుకు తీసుకుపోయారనీ, అక్కడ తన్ను తాను బహుగా తగ్గించుకొని ప్రార్థిస్తే దేవుడు విన్నాడనీ 2 దినవృత్తాంతములు 33 చెబుతుంది.

ఆ ప్రార్థన ఎలా పైకెళ్ళిందో యెరూషలేము తల్మూదు చెబుతుంది. శత్రువులు అతన్ని ఇత్తడి పాత్రలో పెట్టి కింద మంట వేశారట. తెలిసిన విగ్రహాలన్నిటినీ పేరు పేరునా పిలిచాడు. ఒక్కటీ పలకలేదు. అప్పుడు చిన్నప్పుడు తండ్రి సమాజమందిరంలో చదివి వినిపించిన ఒక లేఖనం గుర్తొచ్చింది. శ్రమలో దేవుని వైపు తిరిగితే ఆయన కనికరిస్తాడు, చెయ్యి విడువడు అనే మాట. సరే, ఆయన్నీ పిలిచి చూద్దాం అనుకున్నాడు. దేవదూతలు గబగబా పరలోకపు కిటికీలన్నీ మూసేశారు. ప్రభువా, నీ ఆలయంలో విగ్రహం పెట్టినవాడి మొర వింటావా అన్నారు. ఇతన్ని చేర్చుకోకపోతే మారుమనస్సు పొందే ప్రతివాడికీ తలుపు మూసినట్టే అన్నాడు దేవుడు. దూతల చెయ్యి అందని చోట, తన మహిమ సింహాసనం కింద, స్వయంగా దారి తవ్వి ఆ మొర విన్నాడు.

బైబిలు తీసి చూడండి. మనష్షే తాత మీద ప్రయోగించిన రెండో మాట ద్వితీయోపదేశకాండము 4:7లో ఉంది. మంటలో గుర్తొచ్చిన మాట అదే అధ్యాయం 30, 31 వచనాల్లో ఉంది. రెండూ వేర్వేరు తల్మూదుల్లోని కథలు. అయినా పక్కపక్కన పెడితే, ఒకే అధ్యాయం అతని చేతిలో రంపమైంది, అదే అధ్యాయం అతనికి ప్రాణమైంది. మొరపెట్టినప్పుడెల్లా దేవుడు దగ్గరే ఉంటాడన్న వాక్యం గెలవడానికి వాడినప్పుడు తాతను చంపింది, ఏడుస్తూ పట్టుకున్నప్పుడు మనుమణ్ణి బ్రతికించింది.

ఇంత క్షమాపణ యూదు పెద్దలకే మింగుడు పడలేదు. రాబోవు లోకంలో పాలు లేని ముగ్గురు రాజులు యరొబాము, అహాబు, మనష్షే అని మిష్నా చెబుతుంది. వెంటనే రబ్బీ యూదా అడ్డుపడి, కాదు, మనష్షేకు పాలు ఉంది, దేవుడు అతని ప్రార్థన విన్నాడని రాసి ఉంది అన్నాడు. రెండు మాటలనూ దాచకుండా రాసుకున్నారు. అతని క్షమాపణతో చేసిన చెడుగు తుడిచిపెట్టుకు పోలేదు కూడా. మనష్షే పాపాల వల్ల యూదా దేశం నాశనమైందని 2 రాజులు 24 చెబుతుంది. చనిపోయినవారు తిరిగి రాలేదు. కొడుకు ఆమోను తండ్రి పాత దారినే నడిచాడు. కానీ దారి తప్పిన మనిషి తిరిగి వస్తే, ఆ ఒక్క మనిషికి తలుపు తెరిచే ఉంది.

ప్రియులారా, మన సంఘాలలో వాక్యం తెలిసినవారికి కొదువ లేదు. బాప్తిస్మం గురించి వాదన వచ్చినా, కమిటీ ఎన్నికలు వచ్చినా, వాట్సాప్ గ్రూపులో రెఫరెన్సుల మీద రెఫరెన్సులు పడతాయి. వచనం సరైనదే కావచ్చు. అది చేతిలో రంపంలా ఉందా అని పంపే ముందు చూసుకుందాం. చెప్పగల జవాబు ఉండి కూడా, ఎదుటివాడి మేలు కోసం ఊరుకోవడం ఓడిపోవడం కాదు.

ఇంకొక మాట. తాగి తల్లిని కొట్టి, ఇల్లు గుల్ల చేసి, ఊరు విడిచిపోయినవాడు పదేళ్ళకు తిరిగి వచ్చి, ఆరాధనలో చెప్పులు విడిచే చోట కూర్చుంటాడు. ఇలాంటివారు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వీడికి ప్రభువు బల్లలో చోటా అని మనం గుసగుసలాడతాం. అతని తల్లికి జరిగింది అన్యాయమే, అతడు ఆమె దగ్గర ఒప్పుకొని సరిచేసుకోవాలి. అది అడగడం మన పని. కానీ కిటికీలు మూయడం మన పని కాదు. మూసినా, దేవుడు సింహాసనం కింద దారి తవ్వి అతన్ని లోపలికి తీసుకుంటాడు. అప్పుడు బయట మిగిలేది మనమే.

వచ్చే ఆదివారం చెప్పుల దగ్గర కూర్చున్నవారు కనబడితే, పక్కకు జరిగి చాప మీద చోటివ్వండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.