నేపాళపు నీటి తిరుగలి

జలశక్తి అనగానే ఆనకట్టలు, మహాజలాశయములు స్ఫురించుట సహజము. కాని నేపాళ దేశమున ఆ శక్తి పల్లెలకు చేరిన కథలో నాయకుడు ఒక చిన్న వ్యాపారి. అతడు పిండిమర యజమాని.

కొండ సెలయేళ్ల ఒడ్డున, రాతిగోడల గుడిసెలలో తిరుగు నీటి తిరుగళ్లను నేపాళీయులు ఘట్ట అందురు. అడుగున కొయ్య రెక్కల చక్రము అడ్డముగా నుండును. కాలువనీరు వాలు తొట్టి గుండ జారి ఆ చక్రమును త్రిప్పగా, నిలువు ఇరుసు పైరాతిని త్రిప్పును. విసరిన పిండిలో కొంత భాగమే యజమానికి కూలి. తరతరములుగా ఈ ఏర్పాటు సాగినది.

అయితే ఘట్ట పిండి విసరునే కాని, వడ్లు దంపలేదు. ఆవాలనుండి నూనె తీయలేదు. ఢికి అను కాలిత్రొక్కుడు రోకలితో వడ్లు దంపు శ్రమ ఇంటి ఆడువారిది. డీజిలు మరలు వచ్చి ఆ శ్రమను కొంత తగ్గించినవి. కాని డీజిలు పరదేశమునుండి రావలెను. బాటలు లేని కొండలపైకి మనుష్యుల వీపుల మీద ఎక్కవలెను. మర ప్రక్కనే ప్రవహించు నీటికి మాత్రము వెల లేదు.

ఈ చిక్కును విడదీసినవి కర్మశాలలు. నార్వే ఇంజనీరు ఓడ్ హొఫ్తున్ 1963లో బుట్వల్ పట్టణమున ఒక సాంకేతిక శిక్షణాలయమును స్థాపించెను. 1970 దశకమున అక్కడను, ఖాట్మండు చెంత బాలాజులోను ఉక్కు టర్బైనులు తయారు కాజొచ్చెను. డోలు వంటి చక్రములో వంపు రెక్కలు. నీరు ఒకవైపు దూరి, వెలుపలికి పోవుచు రెక్కలను మరల తాకును. ఒక్క ఇరుసుకు పట్టీలు తగిలించి పిండిమరను, వడ్లమరను, నూనెమరను నడిపిరి. వ్యవసాయాభివృద్ధి బ్యాంకు అప్పు ఇచ్చెను. మర రాబడితో యజమాని దానిని తీర్చవలెను. అంత పెట్టుబడి లేనివారు పాత ఘట్టకే కొయ్య రెక్కలు తీసి, గరిటెల వంటి ఇనుప రెక్కలు అమర్చుకొనిరి.

1984లో ప్రభుత్వము 100 కిలోవాట్ల వరకు జలవిద్యుత్తు ఉత్పత్తికి అనుమతిపత్రము అక్కరలేదనెను. పిమ్మట విద్యుత్ పరికరముల వెలలో కొంత తాను భరించెను. మరవారు డైనమోలు చేర్చిరి. పగలు గింజలు విసరిన నీరే రాత్రి ఊరికి దీపములు వెలిగించెను.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. దీపములు వెలుగునవి రాత్రి కొన్ని గంటలు మాత్రమే. ఆ రుసుముతో యంత్రము బాగుచేతలు జరుగుట కష్టము. పగటి వృత్తి తోడున్నచోట యంత్రమును కాచుకొను యజమాని ఉండెను. ఆ తోడు లేనిచోట పెక్కు కేంద్రములు చిక్కులలో పడినవి.

తరువాత పెద్ద విద్యుత్తు తీగ కొండలెక్కినది. అది వచ్చినచోట అనేక చిన్న కేంద్రములు మూతపడినవి. అయినను 2018లో నువాకోట్ జిల్లా స్యావ్రేభూమిలోని 23 కిలోవాట్ల కేంద్రమును ఆ తీగకే కలిపిరి. చిన్న యేటి కరెంటు దేశపు బజారులో సరుకైనది.