చేపల తొట్టిలోకి బొగ్గు ఎలా వచ్చింది?

జూలై 10 జాతీయ మత్స్య రైతుల దినోత్సవం. 1957లో ఆ రోజునే ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి కలిసి పీయూష గ్రంథి సారం ఎక్కించి పెంపుడు చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ సందర్భానికి ‘చేపల మీద ఏదైనా ఇవ్వండి, బుధవారంలోగా’ అని ఎడిటర్ గారి కబురు. చెరువుల గురించి రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. నాకు మాత్రం అక్వేరియం వెనక ఫిల్టర్ డబ్బాలో కూర్చునే నల్లటి పలుకుల మీదే మనసు. దుకాణాల్లో దాన్ని యాక్టివేటెడ్ కార్బన్ అంటారు. బొగ్గే.

నీళ్లు శుభ్రం చేసుకోవడం మనిషికి కొత్త కాదు. మన పల్లెల్లో చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేవారు, బురద అడుక్కి దిగేది. కానీ నీటిలో కరిగిపోయిన రంగు, వాసన చిల్లగింజకు లొంగవు. వాటి పని పట్టేది బొగ్గేనని ఏ శతాబ్దంలో ఎవరు ముందు గమనించారో చరిత్ర పెద్దగా రాసిపెట్టలేదు. కనక కొన్ని వేల ఏళ్లు ఒక్క గంతులో దాటి, నాకిష్టమైన మనిషి దగ్గరికి వెళ్లిపోతాను.

ఆయన పేరు టోబియాస్ లోవిట్జ్. 1757లో జర్మనీలోని గోటింగెన్‌లో పుట్టాడు. తండ్రి గియోర్గ్ మోరిట్జ్ ఖగోళ శాస్త్రవేత్త, రష్యాలో కొలువు. వోల్గా, డాన్ నదుల నడుమ కాలువ కోసం కొలతలు తీస్తూ 1774లో పుగచోవ్ తిరుగుబాటు దండుకు చిక్కాడు. ఆకాశంలో చుక్కల లెక్క చూసే మనిషని తెలిసి, అయితే వాటికి దగ్గరగానే ఉరి తీయండని పుగచోవ్ హుకుం చేశాడట. పుష్కిన్ తన పుగచోవ్ చరిత్రలో రాసిన సంగతి ఇది. పుష్కిన్ కవి కూడాను, కాస్త మెరుగులు దిద్దినా దిద్ది ఉండొచ్చు.

తండ్రి లేని ఆ కుర్రాడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రాజాస్థానం మందులశాలలో పనికి కుదిరాడు. అక్కడ టార్టారిక్ ఆమ్లం ద్రావణాన్ని మరిగించి తెల్లటి స్ఫటికాలు తీయాలి. మంట కాస్త ఎక్కువైతే చాలు, ద్రావణం గోధుమరంగుకు తిరిగేది. స్ఫటికాలూ మురికిగానే దిగేవి. 1785లో లోవిట్జ్ అందులో బొగ్గు పొడి వేసి కాచాడు. వడకడితే రంగు లేదు! ఇక ఆ మనిషి ఆగలేదు. తేనెలో వేశాడు. ముతక ధాన్యపు సారాలో వేస్తే కంపు పోయింది. వోద్కాను బొగ్గు మీద వడకట్టే రష్యన్ అలవాటు వెనక ఆయన చెయ్యి ఉంది. కుళ్లిన నీళ్లలో వేస్తే వాసన విరిగింది. పీపాల్లో నీళ్లు పాడైపోయే ఓడలకు ఇది అక్కరకొస్తుందని ఆయనే చెప్పాడు. 1804లో, ఇంకా యాభై నిండకుండానే పోయాడు. ఇప్పటి తరహా అక్వేరియం అప్పటికింకా పుట్టలేదు.

తర్వాతి కథంతా పరుగే. 1811లో ఫ్రాన్స్‌లో ఫిగ్యే ఎముకల బొగ్గుకు రంగు విరిచే శక్తి ఇంకా ఎక్కువని చూపాడు, చక్కెర మిల్లులు ఎగబడ్డాయి. 1900 ప్రాంతంలో ఓస్ట్రెయ్‌కో ఎర్రగా కాలిన బొగ్గు మీదికి ఆవిరి పంపి దానికి మురికిని పట్టుకునే సందులు పెంచే పద్ధతులకు పేటెంట్లు తీసుకున్నాడు. 1915లో యుద్ధరంగంలో క్లోరిన్ వాయువు వదిలాక రష్యాలో జెలిన్‌స్కీ బొగ్గు ముసుగు తయారుచేశాడు. 1918లో అమెరికా జనం పీచ్ పండ్ల టెంకలు, కొబ్బరి చిప్పలు పోగేసి ముసుగుల కోసం ఇచ్చారు. కోనసీమలో పొయ్యిలోకి పోయే చిప్పకు అంత యోగం!

అక్వేరియం వైపు నుంచి చూస్తే, 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ రెండు బంగారు చేపలు, వాలిస్‌నేరియా మొక్క, నత్తలు కలిపి నీళ్లు మార్చనక్కర్లేని తొట్టి చూపించాడు. అందులో బొగ్గు లేదు. ఇరవయ్యో శతాబ్దంలో గాలి పంపులు, పెట్టె ఫిల్టర్లు వచ్చాకే దూదితో పాటు బొగ్గూ చేరింది.

ఇక్కడి నుంచి కథ చిక్కుపడుతుంది, ఎందుకంటే ఇప్పుడు బొగ్గులు బోలెడు. కొబ్బరి చిప్పది గట్టిది. మరీ సన్నటి సందులు ఎక్కువ, చిన్న అణువులకూ క్లోరిన్‌కూ బాగుంటుంది. రాక్షసి బొగ్గుతో చేసినదానికి కాస్త పెద్ద సందులూ ఉంటాయి, కనక తొట్టిలో వేసిన కట్టె నుంచి దిగే పసుపు రంగును త్వరగా లాగుతుంది. మంచి రకం గ్రాముకు వెయ్యి చదరపు మీటర్ల పైచిలుకు లోపలి ఉపరితలం ఉంటుంది. అంటే పాతిక సెంట్ల నేల. ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన రకం సరిగ్గా కడగకపోతే ఫాస్ఫేట్ వదిలి నాచు పెంచుతుంది. ఆర్వో నీళ్లలో చెంచాడు నానబెట్టి ఫాస్ఫేట్ కిట్‌తో చూస్తే బయటపడుతుంది. గ్లాసు నీళ్లలో గుప్పెడు వేసి చూడండి: మంచిదైతే చిన్నగా చిటపటలాడుతూ బుడగలు వదిలి నెమ్మదిగా మునుగుతుంది. నల్లటి దుమ్ము పోయేదాకా కడగాలి.

దీని చేత కానిది అమ్మోనియా, నైట్రేట్. వాటికి నీళ్లు మార్చాల్సిందే, బొగ్గు ఉంది కదా అని బద్ధకిస్తే చేపలే పోతాయి. వారాల్లో సందులు నిండిపోతాయి. మన వంటింటి మంట మీద కాలిస్తే తిరిగి పనికొస్తుందనేది వట్టి మాట, దానికి ఎనిమిది వందల డిగ్రీలకు పైన వేడి కావాలి. ఇవేవీ చాలా ప్యాకెట్ల మీద ఉండవు. దేనితో చేశారో కూడా రాయరు. దుకాణంలో అడిగితే ‘కార్బనంటే కార్బనే సార్’ అంటారు.

ఒకటి మాత్రం ఇంటికెళ్లి మరిచిపోకండి. తెల్లమచ్చల జబ్బుకు మందు వేసే రోజున ఫిల్టర్‌లోంచి బొగ్గు తీసెయ్యాలి. ఆ మందులో ఉండే మాలకైట్ గ్రీన్‌నూ అది ఓ రంగుగానే లెక్కేసి మింగేస్తుంది.