దోహాలో ఊడ్చేవాళ్లు, వాషింగ్టన్‌లో పస్తులున్న పిల్లలు

అక్కలూ, చెల్లెళ్లూ, దోహాలో ఎడ్యుకేషన్ సిటీ చూసినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. మెట్రో గ్రీన్ లైన్ ఎక్కితే నేరుగా అక్కడే దిగొచ్చు. అమెరికా యూనివర్సిటీల శాఖలు అక్కడ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. వాటిలో జార్జ్‌టౌన్ ఒకటి. అది ఖతార్‌కి వచ్చింది 2005లో. సరిగ్గా ఆ ఏడాదే, వాషింగ్టన్‌లో ఉన్న అసలు జార్జ్‌టౌన్‌లో, క్లీనింగ్ వాళ్ల జీతం కోసం పెద్ద గొడవ జరిగింది. ఇక్కడ క్యాంపస్‌లలో నేల తుడిచే మన ఆడవాళ్లకీ, ఊళ్లో వాళ్ల డబ్బు కోసం ఎదురుచూసే అమ్మలకీ ఆ సంగతి తెలియాలని ఇది రాస్తున్నాను.

వాషింగ్టన్ క్యాంపస్‌లో ఊడ్చేవాళ్లలో చాలామంది యూనివర్సిటీ మనుషులు కారు, కాంట్రాక్టరు మనుషులు. జీతం పెంచమంటే యూనివర్సిటీ కాంట్రాక్టరు వైపు చూపించేది. ఇది మనకి తెలియని ఆట కాదు. మేడమ్‌ని అడిగితే ఆఫీసు వాళ్లని అడుగు అంటుంది, ఆఫీసుకెళ్తే మేడమ్‌తోనే మాట్లాడుకో అంటారు. మధ్యలో మనం తిరుగుతూ ఉంటాం.

అక్కడి విద్యార్థులు కొన్నేళ్లు మీటింగులు పెట్టారు, అర్జీలు ఇచ్చారు. ఎంతకీ తేలకపోతే 2005 మార్చి 15న ఇరవైమందికి పైగా పిల్లలు తిండి మానేసి క్యాంపస్ మధ్యలో కూర్చున్నారు. నిరాహార దీక్ష అంటే మనకి పొట్టి శ్రీరాములు గారి 58 రోజులు గుర్తొస్తాయి. వీళ్లది తొమ్మిది రోజులే. కానీ ఒక్కటి చూడండి, వాళ్లు అడిగింది తమకోసం కాదు. ఫీజులు కట్టి చదువుకునే పిల్లలు, తమ హాస్టల్ వరండాలు తుడిచే మనిషి కోసం పస్తున్నారు. జార్జ్‌టౌన్ జెసూట్ ఫాదర్ల విద్యాసంస్థ. పనివాడికి న్యాయమైన కూలి ఇవ్వాలని క్లాసులో మీరే చెప్తారు కదా, మరి ఇదేమిటని పిల్లలు నిలదీశారు. మార్చి 24న, గుడ్ ఫ్రైడేకి ముందు రోజు, యూనివర్సిటీ దిగొచ్చింది.

జీతం, సౌకర్యాలు కలిపి గంటకు కనీసం 11.33 డాలర్లు ఉన్నది అదే జులైకి 13, 2007 జులైకి 14 డాలర్లు చేస్తామని ఒప్పుకుంది. నా మట్టుకు నాకు ఈ అంకెల కన్నా పెద్ద విషయం ఇంకోటి. కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లకి కూడా ఇది వర్తిస్తుందని రాతపూర్వకంగా ఒప్పుకుంది. ‘వాళ్లు మా మనుషులు కారు’ అనే మాట ఇక చెల్లలేదు.

మరుసటి ఏడు మయామి యూనివర్సిటీలో క్లీనింగ్ వాళ్లే సమ్మెకి దిగారు. వాళ్లలో చాలామంది క్యూబా నుంచి వచ్చిన వలస ఆడవాళ్లు, మనలాగే. రెండు నెలలు సాగింది. పనివాళ్లూ, విద్యార్థులూ కూడా నిరాహార దీక్ష చేశారు. 2006 మే 1న రాజీ కుదిరింది, తర్వాత వాళ్లకి యూనియన్ కూడా వచ్చింది.

మరి దోహాలో అలా ఎందుకు జరగలేదు అని అడుగుతారు. భయం అనుకోకండి, చట్టమే అలా ఉంది. ఖతార్ 2004 కార్మిక చట్టం (14వ నంబరు) ప్రకారం కార్మిక కమిటీలు పెట్టుకునే హక్కు ఖతారీలకే. సమ్మె దారి కూడా వాళ్లకే, అదీ బోలెడు షరతులతో. వలస వచ్చినవాళ్లకి యూనియన్ లేదు, సమ్మె లేదు. 2022 ఆగస్టులో జీతాలు రాక అరవై మందికి పైగా కార్మికులు దోహాలో రోడ్డు మీదకొస్తే, కొందరిని పట్టుకుని దేశం నుంచి పంపేశారు. అందుకే ఎవరైనా ‘మీరూ అలా కూర్చోండి’ అని సలహా ఇస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక్కడ విద్యార్థుల తోడు వేరే రూపంలో వచ్చింది. రీచ్ అవుట్ టు ఏసియా అనే సంస్థ నడిపిన ఇంగ్లీషు తరగతుల్లో విద్యార్థులు వలస కార్మికులకి పాఠాలు చెప్పారు. దోహా జార్జ్‌టౌన్ పరిశోధన కేంద్రం గల్ఫ్ వలస కార్మికుల మీద 2012లో ఒక పుస్తకమే తెచ్చింది. 2013లో ఖతార్ ఫౌండేషన్ తన కాంట్రాక్టర్లకి నియమాలు పెట్టింది: పనిలోకి తీసుకోడానికి కార్మికుల దగ్గర డబ్బు గుంజకూడదు, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండాలి. ఇవి చిన్నవే, కాదనను. ఆకలి దీక్ష పక్కన పెడితే ఇంగ్లీషు క్లాసు ఏపాటి? కానీ జీతం చీటీ చదవగలిగిన మనిషిని మోసం చెయ్యడం కొంచెం కష్టం.

అసలు మార్పు బయటి ఒత్తిడితో వచ్చింది. 2014లో అంతర్జాతీయ కార్మిక సంస్థలో ఖతార్ మీద ఫిర్యాదు పడింది. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ దగ్గరపడుతుంటే లోకమంతా ఇటే చూసింది. 2020లో 17వ నంబరు చట్టం వచ్చి, 2021 మార్చి 20 నుంచి అమలైంది. ఏ దేశం వాళ్లకైనా నెలకు కనీస బేసిక్ 1000 రియాల్స్. కంపెనీ గది ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 పైన కలపాలి.

ఇళ్లల్లో పనిచేసే మన ఆడవాళ్లకీ ఇదే చట్టం. కాబట్టి ఊళ్లో ఉన్న అమ్మలూ, వదినలూ, మీ పిల్లని పంపేముందు ఏజెంటు 800 అనో 900 అనో చెప్తే, అది 2021కి ముందు లెక్క. అగ్రిమెంటులో బేసిక్ ఎంత రాశారో అంకె చూపించమనండి.