ద్వివర్ష కళాశాలలో కళాచరిత్ర: కాలిఫోర్నియా బదిలీ విధానం – ఒక పరిశీలన

తెలుగునాట 'జూనియర్ కళాశాల' అనగానే పదో తరగతి తరువాతి ఇంటర్మీడియట్ విద్య స్ఫురిస్తుంది. అమెరికాలో అదే పేరుతో ఆరంభమై, తరువాత 'కమ్యూనిటీ కాలేజీ'గా స్థిరపడిన సంస్థ స్వరూపం వేరు. పన్నెండో తరగతి ముగించినవారికి అది డిగ్రీలోని మొదటి రెండు సంవత్సరాల పాఠ్యాంశాలను బోధిస్తుంది. ఆ చదువును వెంట తీసుకొని విద్యార్థి విశ్వవిద్యాలయంలో మూడో సంవత్సరంలో ప్రవేశించడమే బదిలీ. తక్షణ ఉపాధితో సంబంధం లేని కళాచరిత్ర ఈ మార్గంలో ఎట్లా నిలదొక్కుకున్నదనేది విద్యాచరిత్రకారులు అంతగా పట్టించుకోని ప్రశ్న.

డిగ్రీ విద్యను రెండు భాగాలుగా విడదీయాలన్న ఆలోచనకు షికాగో విశ్వవిద్యాలయ తొలి అధ్యక్షుడు విలియం రేనీ హార్పర్ 1890లలోనే రూపమిచ్చాడు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలో జోలియట్ జూనియర్ కళాశాల వెలసింది. కాలిఫోర్నియా 1907లో చేసిన చట్టం ఉన్నత పాఠశాలలకు కళాశాల స్థాయి పాఠాలు చెప్పే అధికారమిచ్చింది. 1910లో ఫ్రెస్నో దానిని వినియోగించుకున్నది. అయితే బదిలీకి వ్యవస్థారూపం వచ్చింది 1960 నాటి 'మాస్టర్ ప్లాన్'తోనే. ఉన్నత పాఠశాల ఉత్తీర్ణులలో మొదటి ఎనిమిదో వంతు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి, మొదటి మూడో వంతు రాష్ట్ర కళాశాలలకు అర్హులు. మిగిలినవారందరికీ ద్వివర్ష కళాశాలల తలుపులు తెరిచి ఉంటాయి. బదిలీపై వచ్చేవారికి చోటు మిగలడానికి విశ్వవిద్యాలయాలలో మొదటి రెండు సంవత్సరాల విద్యార్థుల వాటాను సుమారు 40 శాతానికి పరిమితం చేయాలని కూడా ఆ ప్రణాళిక నిర్దేశించింది. అర్హతను బట్టి వడపోస్తూనే రెండో అవకాశాన్ని అట్టిపెట్టిన పథకమిది.

కళాచరిత్ర ఈ ప్రజాస్వామిక వాతావరణంలో పుట్టిన శాస్త్రం కాదు. హార్వర్డ్‌లో చార్లెస్ ఎలియట్ నార్టన్ 1874లో ఉపన్యాసాలు ఆరంభించిన నాటినుంచి అది ఐరోపా యాత్రలు చేయగల కుటుంబాల సంతానానికి అందిన విద్య. దానిని సామాన్య తరగతి గదికి చేర్చినవి రెండు: స్లయిడు ప్రొజెక్టరు, సర్వే గ్రంథం. షికాగో కళాశిక్షణ సంస్థలో బోధించిన హెలెన్ గార్డ్‌నర్ 1926లోను, హెచ్. డబ్ల్యు. జాన్సన్ 1962లోను వెలువరించిన గ్రంథాలు గుహాచిత్రాలనుంచి ఆధునిక కాలం దాకా ఒకే వరుసలో చెప్పుకొచ్చాయి. వాటిని అనుసరించే రెండు సెమిస్టర్ల పాఠ్యక్రమం, అంటే ఆదిమ కాలంనుంచి మధ్యయుగాల వరకు ఒకటి, పునరుజ్జీవనంనుంచి నేటి వరకు మరొకటి, బదిలీకి సరిగ్గా ఒదిగింది. ఏ కళాశాలలో చదివినా విషయం దాదాపు అదే గనుక, విశ్వవిద్యాలయం దానిని తన పాఠ్యాంశానికి సమానమని గుర్తించడం సులువు.

ఈ సౌలభ్యానికి మూల్యం లేకపోలేదు. జాన్సన్ మొదటి ముద్రణలో ఒక్క స్త్రీ కళాకారిణి కూడా లేదన్నది సుప్రసిద్ధ విషయం. ఆ లోపాన్ని సరిదిద్దుతూ కాలక్రమానికి బదులు ఇతివృత్తాల వారీగా పాఠాన్ని పునర్నిర్మించాలని ద్వివర్ష కళాశాల అధ్యాపకుడు తలచినా, ఆ కొత్త పాఠాన్ని విశ్వవిద్యాలయం అంగీకరించకపోతే నష్టపోయేది విద్యార్థే. ప్రయోగాలు చేసే స్వేచ్ఛ స్వీకరించే సంస్థకు ఉన్నంతగా పంపే సంస్థకు లేదు. రాష్ట్రవ్యాప్తంగా అమలైన ఉమ్మడి సంఖ్యావిధానంలో పాశ్చాత్య కళకు 110, 120 సంఖ్యలతో రెండు పాఠ్యక్రమాలుండగా, ఆసియా ఖండమంతా 130 అనే ఒకే పాఠ్యక్రమంలో ఇమడవలసి వచ్చింది. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు తెలంగాణలోని ఫణిగిరి శిల్పాలు తరలివెళ్ళాయి. భారత, చైనా, జపాన్ కళలన్నీ ఒక్క సెమిస్టరులో నడిచే తరగతిలో కృష్ణాలోయ బౌద్ధశిల్పానికి ఎన్ని నిమిషాలు దక్కుతాయో ఊహించవచ్చు.

సామాజిక శాస్త్రవేత్తల విమర్శ మరొక దిక్కునుంచి వచ్చింది. బర్టన్ క్లార్క్ 1960లో, అంటే మాస్టర్ ప్లాన్ వెలువడిన సంవత్సరమే, శాన్ హోసే జూనియర్ కళాశాలను అధ్యయనం చేసి ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. విద్యార్థుల ఆశలను మెల్లగా చల్లార్చి వారిని వృత్తివిద్యల వైపు మళ్ళించడం ఈ సంస్థల అప్రకటిత కర్తవ్యమని దాని సారాంశం. స్టీవెన్ బ్రింట్, జెరోమ్ కారబెల్ 1989 నాటి గ్రంథంలో ఈ మళ్ళింపునకు సంస్థల సొంత ప్రయోజనాలనే ప్రధాన కారణంగా చూపారు. కళాచరిత్ర విషయంలో ఈ వాదాన్ని యథాతథంగా అన్వయించడం కష్టం. లెక్కల విద్యార్థిని ఖాతాల నిర్వహణ వైపు మళ్ళించవచ్చు. కళాచరిత్ర విద్యార్థికి రెండేళ్ళతో ముగిసే వృత్తి శాఖ ఏదీ లేదు. ఇక్కడ బదిలీ ఫలించకపోతే ఆ చదువు సాంస్కృతిక అభిరుచిగా మిగులుతుందే తప్ప వృత్తి అర్హతగా మారదు. అందుచేత బదిలీ వ్యవస్థ బలాబలాలను కొలవడానికి వృత్తివిద్యలకంటే ఈ శాస్త్రమే కచ్చితమైన గీటురాయి.

కొలిస్తే ఫలితం మిశ్రమంగానే ఉన్నది. 1984 వరకు కాలిఫోర్నియా ద్వివర్ష కళాశాలల్లో ఆ రాష్ట్రవాసులకు రాష్ట్రవ్యాప్త రుసుము లేదు. 2012నుంచి యూనిట్‌కు 46 డాలర్లు. ఈనాటికీ విశ్వవిద్యాలయంతో పోలిస్తే ఇది స్వల్పమే. కానీ సంస్థ మారినప్పుడు చదివినదంతా లెక్కకు రాదు. 2004–2009 మధ్య దేశవ్యాప్తంగా సంస్థలు మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు కోల్పోయారని సమాఖ్య ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017లో అంచనా వేసింది. ఈ నష్టాన్ని అరికట్టే ఉద్దేశంతో కాలిఫోర్నియా 2010లో చట్టం చేసి, 60 యూనిట్ల బదిలీ డిగ్రీని ప్రవేశపెట్టింది. కళాచరిత్రకూ అటువంటి డిగ్రీ ఏర్పడింది. అయితే చట్టం హామీ ఇచ్చింది రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థలో ప్రవేశానికే. కోరిన ప్రాంగణానికి కాదు. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ వంటి ప్రాంగణాలున్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆ హామీ పరిధిలోకే రాలేదు.

పుస్తకం చెప్పనిది కొన్నిచోట్ల ఊరే చెప్పింది. పాసడీనా సిటీ కళాశాల ఉన్న కొలరాడో బౌలెవార్డ్ మీదనే, కొంత పడమరగా, నార్టన్ సైమన్ మ్యూజియం ఉన్నది. తమిళనాడులోని శివపురం ఆలయంనుంచి అపహరణకు గురైన చోళుల కాలపు నటరాజ విగ్రహాన్ని సైమన్ సంస్థ 1973లో కొనుగోలు చేసింది. భారత ప్రభుత్వం దావా వేసింది. 1976లో రాజీ కుదిరి, పదేళ్ళు తన వద్ద ఉంచుకొని తిరిగి ఇవ్వడానికి ఆ సంస్థ అంగీకరించింది. ఒక విగ్రహం ఎవరిది, ఎట్లా వచ్చింది, ఎందుకు వెళ్ళిపోవాలి అన్న ప్రశ్నలకు నాటి సర్వే గ్రంథాల్లో అధ్యాయం లేదు; అదే వీధిలో చదువుకునే విద్యార్థులకు మాత్రం అవి స్థానిక వార్తలు. 1986లో నటరాజు భారతదేశానికి తిరిగి వచ్చాడు.